థేడీ పక్కన ఒక్క చోటు

చచ్చాక ఎక్కడ పడుకోవాలన్న దాని మీద బతికున్నవాళ్లు కొట్టుకోవడం మా మేయో జిల్లాలో కొత్త కాదు. పొలం పోయినా ఊరుకుంటాం, గొర్రె పోయినా ఊరుకుంటాం, సమాధి పోతుందంటే మాత్రం ఊరుకోం. కిల్‌క్రోన్ అనే మా ఊరి పాత సమాధుల తోట సముద్రం మీదికి వంగి ఉంటుంది. అక్కడ పడుకున్నవాళ్లకి అలల చప్పుడు వినిపిస్తుందని ఊరందరి నమ్మకం. కౌన్సిల్ కట్టించిన కొత్త తోట పశువుల సంత వెనకుంది. అక్కడ పడుకున్నవాళ్లకి ఏం వినిపిస్తుందో నేను చెప్పక్కర్లేదు.

పాత తోటకి తాళం వేస్తామని కౌన్సిల్ వాళ్లు వచ్చినప్పుడు గేటుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నది నేనే. నా పేరు ఊనా కాఫర్కీ. బడి మానేసి చేపల ఫ్యాక్టరీలో చేరినదాన్ని. నాకొచ్చిన చదువంతా సమ్మెల్లో వచ్చింది. వానలో కూర్చుని కూర్చుని సగం గెలిచాను. తమవాళ్లు ఇప్పటికే అక్కడ ఉన్నవాళ్లకి, ఆ సమాధిలో చోటు మిగిలుంటే, అనుమతిస్తామన్నారు. ఎవరు ఎవరివాళ్లో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. ఊరిని ఊరితోనే తన్నించాలంటే కౌన్సిల్ చేసే మొదటి పని కమిటీ వెయ్యడం.

దానికి మాలకీ టియర్నీ అధ్యక్షుడయ్యాడు. గొర్రెలు కాసుకునే ఒంటరి ముసలాడు. ఎనభై దగ్గర పడినా గుంజలా నిటారుగా నడుస్తాడు. టియర్నీల నెత్తురు వేరని, మిగతా ఊరి నెత్తురు వేరని వాడి అభిప్రాయం. రిటైరైన బడిపంతులు ఫీలిమ్ మాష్టారు కార్యదర్శి. నన్నెవరూ పిలవలేదు. అయినా ప్రతి సమావేశానికీ వెళ్లి వెనక బెంచీ మీద కూర్చునేదాన్ని.

మొదటి సమావేశంలోనే మాలకీ నియమం పెట్టించాడు.

"తమవాళ్లంటే రక్తం. పెంపకాలు, జాలిపడి చేరదీయడాలు లెక్కలోకి రావు. రక్తమంటే రక్తమే."

హాల్లో అందరూ తలలూపారు. ఆ దెబ్బ ఎవరికో నాకు వెంటనే తెలిసింది. సబీనాకి.

టియర్నీల సమాధిలో ఒక్క మనిషికి చోటుంది. అందులో చివరగా పడుకున్నది థేడీ టియర్నీ. నలుగురు తోబుట్టువుల్లో ఆయన పెళ్లి చేసుకోకుండా కన్నవాళ్ల ఇంట్లోనే ఉండిపోయాడు. అన్న మార్టిన్ పక్క కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. మాలకీ అతని మనవడు. ఇంకో అన్న పీటర్ మాంచెస్టర్ వెళ్లిపోయాడు. చెల్లెలు నోరా అమెరికా ఓడెక్కింది, మళ్లీ రాలేదు. పీటర్ కూతురు డీలియా పెళ్లి లేకుండా ఒక పిల్లని కని, యుద్ధం రోజుల్లో పోయింది. ఆ పిల్లే సబీనా. నాలుగేళ్లప్పుడు ఎవరో ఓడలో తెచ్చి థేడీ చేతికిచ్చారు. ఆడపిల్లకి జడ ఎలా వెయ్యాలో తెలియని ఆ బ్రహ్మచారి గుర్రం తోకకి అల్లి నేర్చుకున్నాడట. ఆయన పోయినా ఆవిడ ఆ ఇల్లు వదల్లేదు.

"సముద్రం చప్పుడు నాకేం అక్కర్లేదే ఊనా, నాకిప్పుడు సగం చెవుడు," అంది సబీనా నాతో. "ఆయన పక్కన పడుకుంటే చాలు."

మాలకీ మాత్రం ఎక్కడపడితే అక్కడ ఒకటే పాట. "డీలియా కూతురని ఎవరు చూశారండీ? థేడీ చిన్నతాత మాంచెస్టర్‌లో మఠం సిస్టర్ల దగ్గర్నుంచి ఏ అనాథనో తెచ్చుకున్నాడు. మంచిదే, పుణ్యం. అలాగని అది టియర్నీ అయిపోతుందా?"

పుట్టిన కాగితమేదైనా చూపిద్దామంటే ఆ ఆఫీసు మీద బాంబు పడి ఎప్పుడో కాలిపోయింది. అసలు బాధ ఏంటంటే, సబీనాకే తన సంగతి తెలియదు.

"నేను ఎవరినని థేడీని ఒకసారి అడిగాను. నీ చెవులు చూసుకో, మా నోరా చెవులే అన్నాడు. చిన్నపిల్లకి ఎవరైనా అదే కదా చెప్తారు," అంది.

ఆ వేసవిలో దిగాడు వెండెల్ ప్రూసాక్. అమెరికాలో స్క్రాంటన్ ఊరి బస్సు డ్రైవరు, రిటైరయ్యాడు. నోరా కూతురి కొడుకు. అమ్మమ్మ పుట్టిన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ప్రతి వేసవీ ఇలాంటివాళ్లు దిగుతారు. మేము టీ పోస్తాం, వాళ్లు ఏమంటే అవునంటాం. పాపం, అంత దూరం నుంచి వచ్చి కాదనిపించుకోవడం ఏం బాగుంటుంది? అయితే వెండెల్ ముందుగా మాలకీ చేతిలో పడ్డాడు. మాలకీ అతన్ని తన పశువుల కొట్టానికి తీసుకెళ్లి, "ఇదేనయ్యా మీ అమ్మమ్మ పుట్టిన చోటు," అన్నాడు. వెండెల్ ఏడ్చి, గోడని ముద్దుపెట్టుకుని, ఒక రాయి ఊడదీసి సంచిలో వేసుకున్నాడు. ఆ కొట్టం మాలకీ నాన్న కట్టగా నేను కళ్లారా చూశాను.

మర్నాడు నేనే వెండెల్‌ని పట్టుకెళ్లి సబీనా ఇల్లు చూపించాను. నోరా నిజంగా పుట్టింది అక్కడ. ద్వారబంధానికి తల కొట్టుకుని, లోపలికొచ్చి కూర్చుని, సబీనా పెట్టిన సోడా రొట్టె వెన్నతో తింటూ అతను సంచిలోంచి ప్లాస్టిక్ గొట్టాలు తీశాడు. తన దేశంలో ధర తగ్గించి అమ్ముతున్నారని డజను కొనుక్కొచ్చాడట, ఊళ్లో బంధువులకి పంచడానికి. మనవాళ్లు మిఠాయి పంచుతారు, అతను గొట్టాలు పంచుతున్నాడు.

"ఇందులో ఉమ్మి పోస్టులో పంపడమే. మా అమ్మమ్మ నెత్తురు నాలో ఉంది కదా. ఆవిడ అన్నల నెత్తురు ఎవరిలో ఉంటే వాళ్లతో నాది కలుస్తుంది. డీఎన్ఏ అబద్ధం చెప్పదు."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. మాలకీ రక్తమన్నాడు, రక్తాన్నే అడుగుదాం. కానీ సబీనా గొట్టం వైపు తేలుని చూసినట్టు చూసింది.

"వద్దే. లేదని వస్తే?"

"లేదని వస్తే మాలకీ మాట నెగ్గుతుంది. ఇప్పుడు మాత్రం నెగ్గట్లేదా?"

"ఇప్పుడు వాడి మాట వాడిది, నా మాట నాది. మిషను కూడా కాదంటే అప్పుడు థేడీ నాకేమీ కాడు. ఇన్నేళ్లకి ఆయన్ని కూడా పోగొట్టుకోమంటావా?"

నాకు ఓదార్చడం చేతకాదు. నిజం చెప్పాను. "అక్కా, వచ్చే నెల కమిటీ తేల్చేస్తుంది. నువ్విలా నోరు మూసుకుని కూర్చుంటే థేడీ పక్కన మాలకీ పడుకుంటాడు. కాలం ఉన్నంతవరకూ వాడి గురక థేడీ వినాలి."

ఆవిడ కప్పులో చల్లారిన టీ పారబోసి కొత్తది పోసుకుంది. తర్వాత, "ఆ గురక సంగతి నేను ఆలోచించలేదు," అంది. ఒప్పుకుంది.

సమావేశంలో నేను లేచి, సబీనాతో పాటు మాలకీ కూడా గొట్టంలో ఉమ్మాలని, ఫలితాలు వచ్చేదాకా తీర్పు ఆపాలని అడిగాను. మాలకీ పకపకా నవ్వాడు.

"నాకు పరీక్షా? మార్టిన్ టియర్నీ మనవణ్ణి, ఊరంతా ఎరుగు."

"ఊరు ఎరిగితే చాలదని నువ్వే కదయ్యా నియమం పెట్టింది. భయమేస్తోందా?"

"ఉమ్మడానికి భయమేంటి? ఇటు తే."

ఫాదర్ కోమ్ గొట్టం తిప్పి తిప్పి చూశాడు. "ఇది పాపమా ఫాదర్?" అని ఎవరో అడిగారు. "నేల మీద ఉమ్మితే పాపం. గొట్టంలో పరవాలేదు," అన్నాడాయన. అయినా ఎవరూ కదలకపోతే, ఉమ్మితే ఎవరూ చావరని చూపించడానికి మొదట నేనే ఉమ్మాను. మాలకీ వంతు వచ్చింది. ఉమ్మే ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. అరగంట టీ లేకుండా వాడు బతికిన దాఖలా లేదు. ఎదురుగా టీ పాత్ర పొగలు కక్కుతోంది. వాడి కళ్లు దాని మీదే. ఫీలిమ్ మాష్టారు గడియారం చూసి "కానివ్వు" అనేసరికి, ఊరించిన ఆ టీ పుణ్యమా అని గొట్టం ఒక్క పోటులో నిండింది.

సబీనా నలుగురిలో ఉమ్మనంది. వంటగదిలోకెళ్లి తలుపేసుకుని, గీత దాకా నిండిన గొట్టంతో వచ్చింది. ఎండిపోయిన ముసలి నోటికి అంత త్వరగా ఎలా నిండిందా అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను. వెండెల్ గొట్టాలన్నీ పోస్టులో వేసి, రాయితో సహా స్క్రాంటన్ వెళ్లిపోయాడు.

కొన్ని వారాలకి సబీనా గొట్టం గురించి కబురొచ్చింది. చదవడానికి వీల్లేదట, అందులో ఏమీ దొరకలేదట. ఫీలిమ్ మాష్టారి కంప్యూటర్లో వచ్చిన ఆ ముక్క ఆయన నోటి నుంచి కొట్టుకి, కొట్టు నుంచి మాలకీకి చేరింది. ఆదివారం పూజ అయ్యాక చర్చి గుమ్మంలో నిలబడి వాడు అందరికీ చెప్పాడు.

"టియర్నీ నెత్తురుందేమో చూడండి అంటే, అసలు మనిషే కనబడలేదంట."

సబీనా తలుపు మూసుకుంది. నేను కొట్టీ కొట్టీ తీయించాను. పొయ్యి కూడా వెలిగించకుండా కూర్చునుంది.

"చూశావా? నేను ఎవరినీ కానంట," అంది.

"ఎవరూ కాకపోతే గొట్టంలో ఉమ్మిందెవరు? అక్కా, నిజం చెప్పు. వంటగదిలో ఏం చేశావు?"

చాలాసేపు కొంగు నలిపినట్టు ఏప్రన్ నలిపింది. "నోరెండిపోయిందే. రెండు చుక్కలే వచ్చాయి. ఆ గీత దాకా నింపాలన్నారు కదా."

"అయితే?"

"సంచిలో నాక్ క్షేత్రం నుంచి తెచ్చిన తీర్థం సీసా ఉంది. మరియమ్మ తల్లి దగ్గరది. కాస్త పోశాను. అది ఎవరికైనా కీడు చేస్తుందా చెప్పు?"

నేను గోడకి చేరగిలబడి నవ్వాను. ఆవిడకి కోపమొచ్చింది. ఇక్కడ దూడ పుట్టినా, కారు కొన్నా, పడవ నీళ్లలోకి దించినా ఆ నీళ్లు చల్లకుండా పని జరగదు. తన తలరాత తేల్చే గొట్టంలో పోయకుండా ఎలా ఉంటుంది? లాబొరేటరీలో కూర్చున్నవాళ్లకి ఇలాంటిది తట్టే అవకాశమే లేదు.

"అక్కా, వాళ్లు నీలో థేడీని వెతుకుతున్నారు, మరియమ్మ తల్లిని కాదు."

వెండెల్ వదిలేసి వెళ్లిన గొట్టం ఒకటి నా దగ్గరుంది. ఒక నిమ్మకాయ తెచ్చి, ఆవిడ ముక్కు కింద పెట్టి, రసం కారేలా నిదానంగా కోశాను. ఆవిడ తిట్టుకుంటూనే నింపింది. తీర్థం సీసా మాత్రం నా జేబులో పెట్టుకున్నాను.

ఫలితాలు వచ్చిన రోజు హాల్లో నిలబడ్డానికి చోటు లేదు. తెర మీద వెండెల్ మొహం, స్క్రాంటన్‌లో అతని వంటగది. మాలకీ ముందు వరసలో కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు. సబీనా నా పక్కన, వెనక బెంచీ మీద. ఆవిడ చెయ్యి నా చేతిలో చేపలా చల్లగా ఉంది.

"ముందు సబీనా గారి సంగతి," అన్నాడు వెండెల్. "ఆవిడ నా మనిషే. మా అమ్మమ్మకి అన్న మనవరాలు ఎంత దగ్గర కావాలో అంత దగ్గరగా కలిసింది. అనుమానం లేదు."

సబీనా నా చెయ్యి వదిలేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, చిన్నప్పుడు బడిలో కూర్చున్నట్టు కూర్చుంది.

"సరే, ఇద్దరం టియర్నీలమే అనుకుందాం," అన్నాడు మాలకీ. "నేను మగవాడి సంతానం, మగవాడి మనవణ్ణి. కాబట్టి చోటు..."

వెండెల్ దగ్గాడు. "మాలకీ గారూ, మీ సంగతే కాస్త... మీతో నాకేమీ కలవలేదండి."

"సరిగ్గా చూడు."

"చూశాను. సబీనా గారితోనూ మీకు కలవలేదు. నేను, మీరు, ఆవిడ ఒకే వరసలో ఉండాలి. మేమిద్దరం కలిశాం. మీరు పక్కకెళ్లిపోయారు."

"మిషను పాడైపోయింది."

"ఒకరితో మాత్రం బాగా కలిసిందండి. చాలా దగ్గరగా. ఊనా కాఫర్కీ గారు."

హాల్లో తలలన్నీ నా వైపు తిరిగాయి. తర్వాత ముసలివాళ్ల మొహాల్లో లెక్కలు మొదలయ్యాయి. మా తాత బార్ట్లీ కాఫర్కీ గుర్రబ్బండి మీద ఊరూరా తిరిగి టీపొడి, చక్కెర అమ్మి కోడిగుడ్లు కొనేవాడు. మార్టిన్ టియర్నీ ఏటా వేసవిలో బంగాళదుంపలు తవ్వడానికి స్కాట్లండ్ వెళ్లేవాడు. ఇక్కడి మగవాళ్లందరూ వెళ్లేవాళ్లు. బండి మాత్రం వేసవిలోనూ ఈ చుట్టుపక్కలే తిరిగేది.

పక్క వరసలోంచి ముసలి కన్సెప్టా లావెల్ గొంతు వినిపించింది. "అందుకా, మాలకీ నాయనమ్మ కోళ్లు ఊరందరికంటే ఎక్కువ గుడ్లు పెట్టేవి."

హాలంతా ఒక్కసారి నవ్వులో పడింది. మాలకీ లేచాడు. టోపీ పెట్టుకుని, అదే నిటారు నడకతో, ఎవరినీ చూడకుండా బయటికెళ్లాడు. నేను కూడా నవ్వాను. నా తాత అని గుర్తొచ్చేదాకా నవ్వాను.

ఫీలిమ్ మాష్టారు నియమం చదివి, చోటు సబీనా టియర్నీకి అని ప్రకటించాడు. సబీనా నిలబడింది. "రాసేసుకున్నారా మాష్టారూ? మళ్లీ మారదుగా?" అని అడిగి, మారదన్నాక కూర్చుంది. మర్నాడు పాత తోటకెళ్లి థేడీ సమాధి మీద గడ్డి కోసి శుభ్రం చేసింది. తర్వాత ఎవరూ లేరనుకుని ఆ పక్కన వెల్లకిలా పడుకుంది. నేను గేటు దగ్గరే ఉన్నాను.

"ఏం చేస్తున్నావక్కా?"

"కొలత చూసుకుంటున్నా. కాళ్లు సరిపోతాయి," అంది లేవకుండానే. మొహం మీద ఎండ పడుతుంటే కళ్లు మూసుకుంది. "ఊనా, అలలు వినిపిస్తున్నాయే. నాకు."

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆ వారంలోనే మాలకీ మా ఇంటికి వచ్చాడు. ఆదివారం కోటు, దువ్విన జుట్టు, చేతిలో ఎండుద్రాక్ష రొట్టె.

"ఏం చెల్లెమ్మా, కులాసానా?" అన్నాడు.

నేను కెటిల్ కింద పెట్టాను.

"ఎవరికి చెల్లెలు?"

"మిషనుకి తెలుసు." కూర్చున్నాడు. నేను టీ పోశాను. కప్పులోకి చూస్తూ, "ఇన్నేళ్లూ ఆ ఇంటి పేరుకి కుక్కలా కాపలా కాశాను. మా నాన్నకి తెలుసంటావా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. తెలిసినా చెప్పేదాన్ని కాదేమో. కాసేపు ఇద్దరం రొట్టె తిన్నాం. రొట్టె బాగుంది, అది వేరే సంగతి.

తర్వాత వాడు మూతి తుడుచుకుని అసలు సంగతికి వచ్చాడు. "మీ కాఫర్కీల సమాధిలో ఎంతమంది ఉన్నారు?"

"తాతా, మా నాయనమ్మా."

"అంతేనా? మిగతావాళ్లు?"

మిగతావాళ్లు షికాగోలో, బర్మింగ్‌హమ్‌లో, పెర్త్‌లో పడుకున్నారు. మా ఇంట్లో పుట్టినవాళ్లందరూ ఓడలెక్కారు, మా అమ్మానాన్నలతో సహా. తిరిగొచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆ సమాధిలో ఇంకా ఇద్దరికి చోటుంది. అది వాడికి నాకంటే ముందే తెలుసు, ఫీలిమ్ మాష్టారిని అడిగే వచ్చాడు.

"రక్తమంటే రక్తమే చెల్లెమ్మా. నియమం ఉంది కదా."

తర్వాతి సమావేశంలో నేను లేచి గొంతు చించుకున్నాను. రక్తం నియమం అన్యాయం, పెంపకం కూడా లెక్కలోకి రావాలి, మనిషి ఎవరితో బతికాడో చూడాలి, ఆ నియమం కొట్టేయాలి అన్నాను. అన్నీ నిజాలే. నేను మొదటినుంచీ నమ్మినవే. అయినా అందరూ కింద పెదవి కొరుక్కుంటూ విన్నారు. ఫీలిమ్ మాష్టారు కళ్లజోడు తుడుచుకుని, "ఊనమ్మా, నియమం పనిచేస్తుందని రుజువు చేసింది మీరే కదా," అన్నాడు. మాలకీ నియమాన్ని బలపరుస్తూ ఇంతకుముందు కంటే పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. మధ్యలో నా వైపు చెయ్యి చూపించి "మా కాఫర్కీలు" అన్నాడు. సబీనా కూడా నియమం వైపే చెయ్యెత్తింది. నేను గుడ్లురిమితే, "నా చోటు మళ్లీ కదిలితే?" అంది.

మా సమాధిలో చోటు పక్కపక్కన లేదు, ఒకరి మీద ఒకరికి. ముందు పోయినవాళ్లు కింద, తర్వాత పోయినవాళ్లు పైన. ఈ విషయం తవ్వేవాడు మాకిద్దరికీ ఒకేసారి చెప్పాడు, కొట్టు ముందు. మాలకీ నా వైపు చూశాడు, నేను వాడి వైపు చూశాను. కింద పడుకోవాలని ఇద్దరికీ లేదు.

మర్నాటి నుంచి నేను పొద్దున్నే సముద్రం ఒడ్డున నడక మొదలుపెట్టాను. ఎదురుగా వాడూ వస్తున్నాడు, నాకంటే వేగంగా. నిన్న కొట్టులో చూస్తే పంది మాంసం వైపు తలైనా తిప్పకుండా ఓట్స్ పొట్లం కొన్నాడు. నేను రెండు కొన్నాను.